ప్రియదర్శిని ముందు సావిత్రి

1959 అక్టోబరు 23న అమెరికాలో సీబీఎస్ చానల్ 'ది ట్విలైట్ జోన్' సిరీస్‌లో ఒక భాగం ప్రసారం చేసింది. పేరు 'ది సిక్స్‌టీన్ మిల్లీమీటర్ ష్రైన్'. అందులో బార్బరా జీన్ ట్రెంటన్ 1930లలో వెలిగిన సినిమా తార. వయసు మళ్లాక చీకటి గదిలో ప్రొజెక్టరు పెట్టుకుని తన పాత సినిమాలే చూసుకుంటూ ఉంటుంది. ఏజెంటు డానీ ఆమెను బతిమాలి స్టూడియోకు తీసుకెళ్తాడు. అక్కడ తల్లి వేషం ఇస్తామంటారు, అదీ చిన్నది. ఆమె వద్దని వచ్చేస్తుంది. చివరికి గదిలో ఆమె ఉండదు, తెర మీద ఉంటుంది, పడుచు వయసులో, పాత స్నేహితుల మధ్య. అక్కడి నుంచి స్కార్ఫు ఒకటి విసిరి లోపలికి వెళ్లిపోతుంది. ఆ స్కార్ఫు ఇంటి హాల్లో నేల మీద డానీ చేతికి దొరుకుతుంది.

చేజర్లలో రిటైరైన ఒక తెలుగు మాస్టారు సెలవులకొచ్చిన మేనకోడలి లాప్‌టాప్‌లో ఇది చూశారు. అయిపోగానే తీర్పు చెప్పేశారు.

"ఇది పిరికితనం పాపా. బతుకును ఎదుర్కోలేక కలలో దూరింది."

"మరి శశిరేఖ ప్రియదర్శిని ముందు కూర్చుంటే పిరికితనం అనలేదే మామా? ఇష్టంగా చూశాం గదా."

1957లో వచ్చిన 'మాయాబజార్' సంగతి అది. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన. ఎవరు చూస్తే వాళ్లకు ప్రియమైనది చూపించే పెట్టె ప్రియదర్శిని. రేవతికి నగలు కనిపిస్తాయి, బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు చూస్తే శకుని! శశిరేఖకు మాత్రం అభిమన్యుడే.

"అదీ ఇదీ ఒకటెట్టా అయితాయి?" అన్నారు మాస్టారు. "అభిమన్యుడు నిజంగా ఉన్నాడు. ఇయ్యాల గాకపోతే రేపు వస్తాడు. ఈమె చూసుకునేది ఇరవై అయిదేళ్ల కిందటి తన మొహాన్ని. అది యాడికి వస్తుంది?"

ఇది గట్టి మాట. మేనకోడలు దాన్ని తోసిపుచ్చలేదు. "వచ్చేదా రానిదా అన్నది తరవాత. ఇద్దరూ పెట్టె ముందుకు ఎందుకు చేరినారో చూడు. పాండవులకు రాజ్యం పొయ్యేసరికి ఆ సంబంధం వద్దన్నారు. శశిరేఖ కోరుకున్న మనిషికి ఇంట్లో చోటు లేకుండా చేశారు. బార్బరాకు పనిలో చోటు లేకుండా చేశారు. మనం పెట్టెనే తిడతాం, తలుపు మూసినోళ్లను ఒక్క మాట అనం."

మాస్టారి ఆలోచన పక్కదారి పట్టింది. అసలు శశిరేఖ తిక్కనగారి భారతంలో యాడుంది అని మొదలుపెట్టారు. నెల్లూరులో కూర్చుని తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశాడు, ఎక్కడా ఆమె పెళ్లి కథ లేదు. అది జనం అల్లుకున్నది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం ఆ కథలోని మాయలను రంగస్థలం మీదే చేసి చూపించింది. భారతం చాలక ఇంకో కథ కట్టుకున్న జనాన్ని పిరికివాళ్లని ఆయన అనలేరు. మేనకోడలు ఆ మాట అడిగితే నవ్వి తల ఊపారు.

కానీ ఒక ఆక్షేపణను వదల్లేదు. అదే సిరీస్‌లో 1960 మే 6న వచ్చిన 'ఎ స్టాప్ ఎట్ విల్లోబీ' కథ మేనకోడలే చెప్పింది. గార్ట్ విలియమ్స్ ప్రకటనల కంపెనీ ఉద్యోగి. ఇంటికెళ్లే రైల్లో కునుకు పడితే 1888 నాటి విల్లోబీ అనే ఊరు కనిపిస్తుంది. ఎండ, బ్యాండు మేళం, తొందర లేని మనుషులు. ఒకరోజు ఆ స్టేషన్లో దిగిపోతాడు. నిజానికి నడిచే రైల్లోంచి దూకి మంచులో చచ్చిపడి ఉంటాడు. శవాన్ని తీసుకెళ్లే బండి మీద 'విల్లోబీ అండ్ సన్' అని ఉంటుంది. ఈ రెండు కథలూ రాసింది రాడ్ సెర్లింగ్ ఒక్కడే. ఏడు నెలలు తిరక్కుండానే.

"చూడు, రాసినాయనకే తెలిసింది. ఆ కల మనిషిని తినేసింది."

"చంపింది కలేనా? పైఅధికారి రోజూ తరుముతుంటాడు. చివరి రోజు పెళ్లానికి ఫోను చేసి ఇంట్లోనే ఉండు, నేనొస్తున్నా అంటాడు. ఆమె ఫోను పెట్టేస్తుంది. ఆ తరవాతే రైలెక్కుతాడు."

"అయినా దూకింది వాడే గదా పాపా."

"వాడే. దూకమని నేను అనను. వాడికి ఇంకో తోవ ఎవరు చూపించారని అడుగుతున్నా."

మాస్టారు కాసేపు మాట్లాడలేదు.  

ఆయన చివరి బాణం తీశారు. "బార్బరాకు ఇచ్చిన తల్లి వేషం మన సావిత్రి వేసింది. 'గోరింటాకు'లో శోభన్‌బాబుకు తల్లి. 1979. ఆమె కలలోకి పారిపోలేదే?"

ప్రియదర్శిని ముందు కూర్చున్న శశిరేఖగా నటించింది ఆమే. 1968లో 'చిన్నారి పాపలు'కు దర్శకత్వం వహించిన మనిషి. మాయాబజార్ తరవాత ఇరవై రెండేళ్లకు, కథానాయికగా తనను చూసిన జనం ముందుకే తల్లిగా వచ్చింది. 19 నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న పోయింది. ఆ జీవితాన్ని ధైర్యానికి ఉదాహరణగా చెప్పుకోవచ్చు, నిజమే. కానీ అంతటి నటికి చివరికి మిగిలినవి అలాంటి వేషాలే అన్న బాధ దాంతో తీరదు.

"ఆమె ఓర్చుకున్నదని మనం చేసింది సరైపోతుందా?" అంది మేనకోడలు. "1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' వచ్చింది. అందులో నాయకుడు సోమయాజులు గారికి అప్పటికే యాభై దాటింది, ఉద్యోగం డిప్యూటీ కలెక్టరు. పెద్దాయన కథకు జనం విరగబడ్డారు. అప్పటికి సావిత్రి ఇంకా కోమాలోకి పోలేదు. ఆమె వయసుకు తగినట్టు, ఆమే కథానాయికగా ఒక్క సినిమా ఎవరైనా రాశారా?"

"ఆయనకు రాశారు, ఆమెకు రాయలేదు" అని ఒప్పుకున్నారు మాస్టారు. సావిత్రి సినిమాల్లో తాను చూసినవి ఏ ఏడాదివో వరసగా గుర్తు చేసుకోవడం మొదలుపెట్టారు.