సభలో ఎత్తకూడని మాట

పదిమంది కూడి మాట్లాడుకునే ప్రతి చోటా చర్చకంటె ముందే ఒక వివాదం తలెత్తుతుంది. ఏ విషయం సభకు తగినది, ఏది తగనిది, ఆ హద్దును గీసే అధికారం ఎవరిది అన్నదే ఆ వివాదం. ఇది కేవలం సభానిర్వహణకు సంబంధించిన చిక్కుగా కనిపించినా, దీని మూలం నీతిశాస్త్రంలో ఉన్నది. మన జాతీయోద్యమ తొలి దశాబ్దపు చరిత్ర అందుకు చక్కని నిదర్శనం.

1885లో బొంబాయిలో ప్రారంభమైన భారత జాతీయ కాంగ్రెసుకు రెండవ ఏటనే ఈ ప్రశ్న ఎదురైంది. బాల్యవివాహాలు, వితంతువుల దుస్థితి వంటి విషయాలను మహాసభ ఎందుకు చేపట్టదని కొందరు నిలదీశారు. 1886 కలకత్తా అధ్యక్షోపన్యాసంలో దాదాభాయి నౌరోజీ దీనికి సమాధానం చెప్పారు. జాతికంతటికీ ప్రత్యక్ష సంబంధమున్న విషయాలకే మహాసభ పరిమితం కావాలనీ, సంఘ సంస్కరణను ఆయా వర్గాల సభలకు విడిచిపెట్టాలనీ ఆయన అభిప్రాయం. ఈ వాదాన్ని పిరికితనమని తోసిపుచ్చలేము. అనేక మతాలవారు, కులాలవారు కూడిన చోట ఒకరి ఆచారాలపై మరొకరు తీర్పు చెప్పబూనితే, అప్పుడే చిగురిస్తున్న ఐక్యతకు ముప్పు తప్పదు.

1888లో అలహాబాదులో కాంగ్రెసు ఇంకొక అడుగు వేసింది. హిందూ ప్రతినిధులు గాని, ముస్లిం ప్రతినిధులు గాని దాదాపు ఏకగ్రీవంగా అభ్యంతరం చెప్పిన విషయాన్ని చర్చకు చేపట్టరాదని నియమం చేసుకున్నది. సంఖ్యాబలం లేనివారికి ఇది గొప్ప రక్షణ. తమ మాట ఓట్ల లెక్కలో కొట్టుకుపోదన్న నమ్మకం లేనిదే ఎవరు మాత్రం ఉమ్మడి సభకు వస్తారు?

అయితే ఈ నియమంలో ఒక లోపం దాగి ఉన్నది. అభ్యంతరం చెప్పే హక్కు ప్రతినిధులది. బాల్యంలోనే వైధవ్యం పొందిన ఆడపిల్ల తరఫున, ఊరి బావిలో నీరు తోడుకోనీయబడని మనిషి తరఫున అక్కడ ప్రతినిధి లేడు. వర్గానికీ వర్గానికీ మధ్య న్యాయం పాటించిన నియమమే వర్గంలోపలి అన్యాయానికి తెర కట్టింది.

ఈ చిక్కుకు మహాదేవ గోవింద రనడే, దివాన్ బహదూర్ రఘునాథరావు ప్రభృతులు ఒక మార్గం కనిపెట్టారు. 1887లో మద్రాసు కాంగ్రెసు సందర్భంగా జాతీయ సాంఘిక మహాసభను నెలకొల్పారు. కాంగ్రెసు ముగిసిన పిమ్మట ఆ పందిట్లోనే ఇది జరిగేది. ఇష్టమున్నవారు కూర్చునేవారు, లేనివారు వెళ్ళిపోయేవారు. సంస్కరణల భారం కాంగ్రెసుపై పడలేదు. అయినా ఆ మాట వినిపించడానికి చోటు దొరికింది. 1881లోనే రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం పంతులు 1898లో మద్రాసులో ఈ సాంఘిక మహాసభకే అధ్యక్షత వహించారు.

కాని ఆ పాటి చోటు కూడా కొందరికి కంటగింపైంది. 1895 పుణె కాంగ్రెసు సమయంలో, సాంఘిక మహాసభకు పందిరి ఇవ్వరాదని సంస్కరణ వ్యతిరేకులు పట్టుబట్టారు. కాంగ్రెసులో చీలిక రాకూడదని రనడే తలవంచారు. సాంఘిక మహాసభ వేరొక చోట జరిగింది. ఆయన త్యాగం గౌరవింపదగినదే. కాని ఆ శాంతికి మూల్యం చెల్లించినవారు ఆ రెండు సభలలోనూ లేరు.

సంస్కరణ కోసమే పుట్టిన సంస్థలు సైతం ఈ పరీక్షలో తడబడ్డాయి. 1936లో లాహోరులోని జాత్‌పాత్ తోడక్ మండల్ తన వార్షిక సభకు డాక్టర్ అంబేద్కర్‌ను అధ్యక్షునిగా ఆహ్వానించి, ఆయన ఉపన్యాసంలోని కొన్ని భాగాలు మింగుడుపడక సభనే రద్దు చేసుకున్నది. ఆయన ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో అచ్చువేయించారు. ఆ సభ జరగలేదు గాని, ఆ ఉపన్యాసాన్ని నేటికీ చదువుతున్నారు.

దీనినుండి గ్రహించవలసినదేమిటి? ప్రతి సభా ప్రతి విషయాన్నీ చర్చించి తీరాలని కాదు. వాయిదా వేయడంలో కూడా ఒక్కొక్కప్పుడు వివేకమున్నది. కాని వినడం వేరు, తీర్మానించడం వేరు. తీర్మానం చేయలేమని సభ చెప్పవచ్చు. వినలేమని చెప్పడానికి మాత్రం అంతకంటె బలమైన కారణం కావాలి. ఆ కారణాన్ని తూచేటప్పుడు, మాట్లాడితే ఎవరి మనస్సు నొచ్చుకుంటుందని మాత్రమే అడిగితే చాలదు. మాట్లాడకపోతే ఎవరి బ్రతుకు నలుగుతుందని కూడా అడగాలి. మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పేవారు సాధారణంగా సభలోనే ఉంటారు. రెండవ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవారిని బయటనుండి పిలుచుకురావాలి.

అణగారిన వర్గాలపై ఆచారం మోపిన కట్టుబాట్లను తొలగించాలని కాంగ్రెసు తీర్మానించినది 1917లో. అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణంతో రాజ్యాంగం అమలులోకి వచ్చినది 1950లో. పందిరి దాటించిన ప్రశ్న మాసిపోలేదు. బయట నిలబడి వేచి ఉన్నది. వేచి ఉన్నంతకాలం ఆ భారాన్ని మోసినవారికి మాత్రం ఏ సభా లెక్క చెప్పలేదు.