బదరి నుండి తెచ్చిన మొక్క

ఆళ్వారులు తిరువదరి యని కీర్తించిన బదరీ క్షేత్రమునకు బోవు యాత్రికులకు అలకనందా తీరమున సరళ వృక్షములును, ఇంకను పైకి బోయిన దేవదారువులును కనులపండువు చేయును. రాతినేలయైనను, చలి ముంచుకొనివచ్చినను వాని పచ్చదనము తరుగదు. నిత్యసూరుల వలె నిలిచిన ఆ వృక్షములను జూచి ముగ్ధుడనై, కొండవాలున మొలచిన ఒక సరళపు మొక్కను పెకలించి, తడిగుడ్డలో జుట్టి ప్రొద్దుటూరునకు తెచ్చితిని.

పెరటిలో తులసికోట చెంత నాటి, రెండుపూటలా నీరు పోసితిని. నలువది దినములలో సూదుల వంటి ఆకులు కొనలనుండి ఎఱ్ఱబారి మొక్క నిలువున ఎండినది. నీరు చాలక కాదు. ఎక్కువై వేరు క్రుళ్ళినది. సరళమునకు నీరు నిలువని వాలునేల కావలెను. వేరునంటి పెరిగి ఆహారమందించు శిలీంధ్రము తోడుండవలెను. మా నల్లరేగడిలో ఈ రెండును లేవు.

"భక్తితో చేసితిరి, దోషమేమున్నది?" అని ఇంటివారనిరి. ఆ మాట నాకు ఊరట నీయలేదు. భక్తి నాది, పోయిన ప్రాణము దానిది.

రఘువంశము రెండవ సర్గలో దిలీపునకు సింహము చూపిన దేవదారువు కథ పాఠకులెఱిగినదే. పార్వతీదేవి ఆ చెట్టును కన్నకొడుకు వలె నీరు పోసి పెంచినది. ఏనుగు దాని బెరడు ఒరసినపుడు కుమారస్వామికే గాయమైనట్లు దుఃఖించినది. అయితే ఆ తల్లి దానిని పెకలించి తన మందిరమునకు తెచ్చుకొనలేదు. అది నిలిచిన చోటికే నీరు మోసినది.

పులివెందుల వైపు బంధువొకరు, ఎనుబదియేండ్ల రైతు, నా విచారము విని నవ్వి, "ఏమప్పా, నమ్మాళ్వారు పదహారేండ్లు కూర్చున్నది చింతచెట్టు కిందనే గదా! అది మన నేలలో మొలవదా?" అనెను. చింతయు పూర్వమెన్నడో ఆఫ్రికా నుండి వచ్చినదే యని వృక్షశాస్త్రజ్ఞులందురు. కావున దూరదేశపు మొక్కను తెచ్చుట దోషము కాదు. ఇక్కడ బ్రదుకగలదా యని అడుగకపోవుటయే నా దోషము.

గింజలను ఒక రాత్రి నానబెట్టి, తొలకరిలో జమ్మలమడుగు త్రోవనున్న మా చేని గట్టున నాటితిని. చెట్టునకు చెట్టునకు ముప్పది అడుగులు విడిచితిని. తల్లివేరు లోతునకు దిగువఱకు, రెండు మూడు వేసవులు నీరు మోయక తప్పదు. గింజ నాటిన చెట్టు కాపునకు రావలెనన్న ఎనిమిది పదియేండ్లు పట్టును. నాకిప్పుడు డెబ్బదిరెండు. పండు చూడవలెనను కోరిక లేదని చెప్పిన అబద్ధమగును. పూత వఱకైన నుండనిమ్మని స్వామిని అడుగుచునే యున్నాను. ఫలాపేక్ష వలదన్న గీతను చదివియు మనస్సు ఇట్లే యున్నది. కాని బిందె మోయునపుడు ఆ సంగతి గుర్తుండదు.

మొన్న మేక యొకటి ముళ్ళకంప దాటి రెండు మొక్కల చిగురు కొఱికినది. వేరు పదిలముగనే యున్నది. కంప మార్చవలెను.