పగ్గాలు ముందా, గుర్రాలు ముందా

పాతికేళ్ల కారు, చేతిలో కొద్దిపాటి డబ్బు, దాన్ని ఇంకాస్త బాగా పరిగెత్తించాలన్న కోరిక. తెలుగునాట పాత స్పోర్ట్స్ కారంటే ఇటలీ నుంచి ఓడలో దిగినది కాదు. 2000లో వచ్చిన 106 గుర్రాల హోండా సిటీ వీటెక్, దానికి కాస్త ముందు వచ్చిన ఫోర్డ్ ఐకాన్ 1.6, ఆ తర్వాతి ఫియట్ పాలియో 1.6, ఎక్కడో ఒకటీ అరా మిగిలిన ఫైబర్ బాడీ శాన్ స్టార్మ్, ఇలాంటివే. రాజమండ్రిలోనో భీమవరంలోనో వీటిలో ఒకదాన్ని చేరదీసిన మనిషి షెడ్డు ముందు నిలబడి "ముందు ఏం మార్పిద్దాం?" అని అడుగుతాడు. మెకానిక్‌ని అడగాల్సిన ప్రశ్నలాగే ఉంటుంది గానీ, ఇందులో ధర్మమీమాంస ఉంది. డబ్బు దండిగా ఉన్నవాడికి ఈ చిక్కు లేదు, అన్నీ మార్పించేస్తాడు. తక్కువ ఉన్నవాడు ఒకటి పట్టుకుని ఇంకొకటి వదులుకోవాలి. దేన్ని వదులుకున్నాడో చూస్తే దేన్ని మేలనుకుంటున్నాడో తెలిసిపోతుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఆ కారు మీద పెట్టే మొదటి రూపాయి అదుపుకి చెందాలి, బలానికి ఆ తర్వాతే వంతు. పిరికివాళ్ల సలహాగా ఈ మాట అనడం లేదు. వేగాన్ని నిజంగా ప్రేమించేవాడికి ఇదే సరైన వరస అని నమ్మి అంటున్నాను.

ముందు యంత్రం ఏం చెబుతోందో విందాం. పాత కారులో మొదట ముసలితనం వచ్చేది ఇంజిన్‌కి కాదు, రబ్బరుకి. టైరు మీద గీతలు ఎంత లోతుగా ఉన్నా, దాని పక్కగోడ మీది నాలుగంకెల ముద్ర (ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో చెప్పేది) పదేళ్ల కిందటిదైతే ఆ రబ్బరు గట్టిపడిపోయి రోడ్డుని పట్టుకోదు. సస్పెన్షన్ బుష్షులు పగుళ్లిస్తాయి, షాక్ అబ్జార్బర్లు నూనె కారుతాయి. వీటన్నిటికంటే తక్కువ ఖర్చుతో పోయేదీ, ఎవరూ పట్టించుకోనిదీ బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన నూనెకి ఆ ప్రమాణమే 155 డిగ్రీలకి దిగుతుంది. గట్టిగా బ్రేకులు వేస్తూ పోతే ఆ వేడి రావడం కష్టమేం కాదు. నూనె మరిగితే బుడగలు పుడతాయి, పెడల్ నేలదాకా దిగుతుంది, బండి ఆగదు. ఏడాదిలో సగంరోజులు ఉక్కపోతగా ఉండే, సముద్రపు గాలి తగిలే గోదావరి డెల్టాలో ఈ నూనెను రెండేళ్లకోసారి మార్పించడం కంటే చవకైన మెరుగుదల నాకు తెలిసి మరొకటి లేదు.

ఇక బలం వైపు లెక్క. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. అంటే ఇంజిన్ బలం పది శాతం పెంచితే గరిష్ఠ వేగం పెరిగేది దాదాపు మూడు శాతమే. టర్బో లేని పాత పెట్రోలు ఇంజిన్‌కి ఖరీదైన సైలెన్సరూ, ఎయిర్ ఫిల్టరూ బిగిస్తే ఆ పది శాతమూ రావడం అరుదు, వచ్చేది ఎక్కువగా శబ్దమే. పికప్ కాస్త పెరుగుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆపాల్సిన భారం మాత్రం వేగపు వర్గంతో పెరుగుతుంది: గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కి వెళ్తే వేగం నాలుగో వంతే పెరిగినా, బ్రేకులు మింగాల్సిన శక్తి సగానికి పైగా పెరుగుతుంది. బలం ఇచ్చేది గీసి గీసి ఇస్తుంది, అడిగేది మాత్రం దోసిళ్లతో అడుగుతుంది. బలానికి తగ్గ అదుపు ఇవ్వని ఈ తప్పు మన దేశంలో ఒకసారి ఫ్యాక్టరీ స్థాయిలోనే జరిగింది. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 మోటారుసైకిలుకి మూలమైన జపాన్ యమహా బండికి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది. ఇక్కడ ధర తగ్గించే ప్రయత్నంలో రెండు చక్రాలకీ డ్రమ్ములే పెట్టారు. ఆ కాలానికి ఈ దేశపు రోడ్ల మీద అంత పరుగున్న బండి మరొకటి లేదు, ఆపడం మాత్రం రోడ్డు మీది అదృష్టానికి వదిలేశారు. నలభై ఏళ్ల తర్వాత కూడా దాన్ని ప్రేమించేవాళ్లు ఆ బ్రేకుల గురించి చెప్పుకుంటూనే ఉన్నారు.

బలమూ అదుపూ రెండూ ఎదురుగా పెట్టి ఒక్కటే తీసుకోమన్న సన్నివేశం తెలుగువాళ్లకి కొత్త కాదు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు నిద్రలేచి పెట్టిన షరతు అదే. ఒకవైపు పోరాడే పదికోట్ల గోపాలుర సేన, ఇంకోవైపు ఆయుధం పట్టని తాను. గోదావరి జిల్లాల్లోనే పుట్టిన జంట, యెండగండి దివాకర్ల తిరుపతిశాస్త్రీ కడియం చెళ్లపిళ్ల వెంకటశాస్త్రీ, రాసిన నాటకం ద్వారా ఈ ఘట్టం పడక సీను పేరుతో ఊరూరా ఆడింది. పద్యాల మత్తులో మనం గమనించకుండా పోయేది ఆ ఎంపిక స్వరూపం. అర్జునుడు తీసుకున్నది దేవుణ్ణి, ఇందులో సారథ్యం ప్రసక్తి ఏముంది అని భక్తులు అనవచ్చు. నిజమే. అయితే ఆ దేవుణ్ణి తెచ్చుకుని అతను ఏం చేయమన్నాడు? రథం తోలమన్నాడు. కఠోపనిషత్తు ఈ క్రమాన్నే మనిషి లోపల చూపించింది. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి. గుర్రాలు చెడ్డవని ఉపనిషత్తు అనలేదు, మంచి గుర్రాల మాటా అందులో ఉంది. గుర్రం మంచిదా చెడ్డదా అన్నది తేలేది మాత్రం పగ్గం పట్టినవాడి దగ్గర. బలానికి విలువ అదుపు నుంచి వస్తుందే గానీ, అదుపుకి విలువ బలం నుంచి రాదు. నిలిచి ఉన్న బండికి కూడా బ్రేకు అవసరమే.

ఈ మాట వేదాంతంగా వినబడితే, కళ్లెదుటి సాక్ష్యం ధవళేశ్వరంలో ఉంది. 1833 కరువులో డెల్టా ఆకలితో మాడింది, గోదావరి పక్కనే పారుతుండగా. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట గోదావరిలో నీటిని ఒక్క చుక్క పెంచలేదు. ఉన్న ప్రవాహాన్ని ఆపి, ఎత్తుకి తెచ్చి, లాకుల గుండా ఎటు కావాలంటే అటు మళ్లించింది, అంతే. తూర్పు డెల్టా, కోనసీమ, పశ్చిమ డెల్టా ఆ అదుపు మీదే ధాన్యాగారాలయ్యాయి. మెరుగుదల అంటే ఎక్కువ కావడమే అనుకునేవాళ్లకి ఇంతకంటే పెద్ద జవాబు నేను చూపించలేను.

నైతికంగా చూస్తే బలానికీ అదుపుకీ మధ్య ఇంకా లోతైన తేడా ఒకటుంది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే. అదుపుకి హద్దు ఉంది. బ్రేకులు ఎంత గట్టివైనా టైరు పట్టుని మించి ఆపలేవు. టైరు పట్టు రోడ్డుని బట్టి ఉంటుంది. కారు ఆ హద్దుని అందుకున్న రోజు పని పూర్తయినట్టే, తృప్తికి అక్కడ చోటుంది. బలానికి అలాంటి గట్టు లేదు. 106 గుర్రాలు చాలవా అంటే, పక్కన వెళ్లే కారుకి ఎన్ని ఉన్నాయన్నదే కొలత. పక్క కారు మారగానే కొలత మారుతుంది. యయాతి కథ సరిగ్గా ఈ ముడి గురించే. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో ఆ కథ ఉంది. శాపం వల్ల ముసలివాడైన రాజు కొడుకు పూరుడి దగ్గర యౌవనం అరువు తీసుకుని, వేయేళ్లు భోగాలు అనుభవించి, కోరిక తీరడం వల్ల కోరిక తగ్గదని తెలుసుకుని తిరిగి ఇచ్చేస్తాడు. ఈ కథని వైరాగ్య బోధగానే చదవడం మన అలవాటు. నాకు మాత్రం అందులో ఖర్చు ఎవరి మీద పడిందన్నది ముఖ్యం. తండ్రి పరుగెత్తిన ఆ వేయేళ్లూ తండ్రి ముసలితనాన్ని మోసింది కొడుకు. ఆపలేని బండికి బలం పెంచినవాడు కూడా తన ఆనందపు మూల్యాన్ని ఇంకొకరి ఒంటి మీదికి నెడుతున్నాడు. అమలాపురం నుంచి నరసాపురం వైపు 216వ జాతీయ రహదారి మీద ప్రయాణం ఒక తీరు. అది దిగి కాలవ గట్టెక్కితే ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క చేలు, కోతల కాలమైతే రోడ్డు సగం మేర ఆరబోసిన ధాన్యం, దాన్ని కాళ్లతో తిరగేసే మనుషులు. అక్కడ పూరుడెవరో వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఒకటి. బ్రేకులు బాగుచేస్తే మనిషి ఇంకా దూకుడుగా నడుపుతాడు, చివరికి లాభమేముంది? ఇది ఊహ కాదు. 1980ల్లో జర్మనీలోని మ్యూనిక్‌లో కొన్ని టాక్సీలకి ఏబీఎస్ పెట్టి, కొన్నిటికి పెట్టకుండా పరిశీలించారు. ఏబీఎస్ ఉన్న టాక్సీల ప్రమాదాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. వాటి డ్రైవర్లు మిగిలినవాళ్లకంటే తెగువగా నడిపారు. ఈ సాక్ష్యాన్ని నేను తోసిపుచ్చను. కానీ అది చెబుతున్నది పగ్గాలు దండగ అని కాదు, పగ్గాలు ఒక్కటే చాలవని. ఉపనిషత్తు పగ్గం దగ్గర ఆగకుండా దాన్ని పట్టుకునే బుద్ధిని సారథిగా కూర్చోబెట్టింది అందుకే. ఆ అభ్యంతరాన్ని చివరిదాకా తీసుకెళ్తే అది బలం మీద మరింత గట్టిగా వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. బ్రేకు ఇచ్చిన ధీమాతోనే మనిషి తెగిస్తే, పికప్ ఇచ్చిన ఉత్సాహంతో తెగించకుండా ఉంటాడా? కొద్ది డబ్బులో కొంత మంచి డ్రైవింగ్ శిక్షణకి కేటాయించడం ఈ వాదనలోంచి నేరుగా వచ్చే ముగింపు. కారుకి బిగించే ఏ సామానూ ఇవ్వనిది అది ఇస్తుంది.

అసలుతనం పోతుందన్నది మరో అభ్యంతరం. కంపెనీ ఇచ్చిన భాగాలు తీసేసి కొత్తవి పెడితే అది ఆ కారేనా? కోనసీమ కొసన వశిష్ఠ సముద్రంలో కలిసే చోట అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. కొత్త కలపతో కొత్త రథం చేయించి, 2021 ఫిబ్రవరిలో రథసప్తమినాడు ప్రారంభించారు. పాత రథపు కర్ర లేదని ఎవరూ స్వామి రథం కాదనలేదు. ఎందుకంటే ఏ పనికోసం ఆ రథం ఉందో ఆ పని కొనసాగుతోంది. కాలిన చోట శోకం లేదని కాదు, ఉంది, అది న్యాయమైనదే. పాత వస్తువు మీది మమకారాన్ని నేను తక్కువ చేయను. అయితే పగిలిన బుష్షుని దాని పాతదనం కోసం ఉంచుకోవడం మమకారం కాదు, కారుని మోసగించడం. ఒక చిన్న నియమం ఇక్కడ పనికొస్తుంది: మళ్లీ వెనక్కి తిప్పుకోగలిగిన మార్పులే చేయాలి. టైరు, ప్యాడ్, నూనె, షాక్ అబ్జార్బర్ ఏవీ కారుని శాశ్వతంగా మార్చవు. బాడీ కోయడం, ఇంజిన్ బోరు పెంచడం మారుస్తాయి.

ఇదంతా భోగమేగా, ఆ డబ్బు ఏ మంచిపనికో పెట్టొచ్చుగా అనేవాళ్లూ ఉంటారు. మన పెద్దలు కామాన్ని పురుషార్థాల్లోంచి తీసేయలేదు, ధర్మానికి లోబడి ఉండమన్నారు. కొత్త కారు కొనడంతో పోలిస్తే ఉన్నదాన్ని నిలబెట్టుకోవడంలో ఖర్చూ తక్కువ, వృథా తక్కువ, ఊళ్లో లేతు పనివాడికీ మెకానిక్‌కీ పని కూడా. ఇంతకంటే ఎక్కువ సమర్థన దీనికి అక్కర్లేదు.

మరి బ్రేకులు, టైర్లు, షాక్ అబ్జార్బర్లు అయ్యాక డబ్బు మిగిలితే? అప్పుడు గుర్రాల మాట ఎత్తవచ్చు, కానీ ఇక్కడా ఒక విభజన ఉంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే ఖరారు చేసింది. అదే ఏడాది సవరణ తర్వాత ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ పడవచ్చు. పదిహేనేళ్లు దాటిన కారు ప్రతి అయిదేళ్లకీ రిజిస్ట్రేషన్ పొడిగింపుకి తనిఖీకి వెళ్లాల్సిందే. చట్టం అడ్డం పడని బలం ఒకటుంది, పాత కారు తనలోంచి తాను పోగొట్టుకున్నది. పాతికేళ్లలో పిస్టన్ రింగులు అరిగి, వాల్వులు సరిగ్గా మూసుకోక, ఇంజెక్టర్లు పూడుకుని ఆ 106లో కొన్ని గుర్రాలు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయి. యయాతి తీసుకున్నది తనది కాని యౌవనం. ఇవి ఆ కారువే. వాటిని తిరిగి తెచ్చుకోవడానికి మొదటి మెట్టు కంప్రెషన్ పరీక్ష. దానికయ్యే ఖర్చు మోతమోగే సైలెన్సర్ ధరలో ఒక చిన్న భాగం. నాలుగు సిలిండర్లలో ఏది నీరసించిందో అది అంకెల్లో చెబుతుంది. ఆ అంకెలు చేతికి రానిదే కొత్త బలం కొనాలా అక్కర్లేదా అన్న చర్చ మొదలుపెట్టడానికి ఆధారమే లేదు.