తల్లి ఎవరు? సరోగసీ గురించి ఇస్లాం అడిగే ప్రశ్న



ఈ వారం వీడియోలో వకుళమాత గురించి చెప్పుకున్నాం కదా. కృష్ణుడి పెళ్లి చూడలేకపోయిన యశోదమ్మే వకుళగా పుట్టి, శ్రీనివాసుడికి తల్లై, పద్మావతి అమ్మవారితో పెళ్లి కుదిర్చిందని మన స్థలపురాణం. 2022 జూన్‌లో పేరూరు కొండ మీద ఆ తల్లి గుడి మళ్లీ తెరుచుకుంది. మన కొండ మీది స్వామికి ఉన్న అమ్మ, ఆయన్ని కనని అమ్మ.

ఇలాంటి కథలు చెప్పగానే వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది: "సరోగసీ మన పురాణాల్లో ఎప్పుడో ఉంది, ముస్లింలకు మాత్రం నిషేధం, చూశారా మనమెంత ముందున్నామో" అని. షేర్ చేసే ముందు అది ఎంతవరకు నిజమో చూద్దాం. మదనపల్లెలోనో చిత్తూరులోనో పిల్లల కోసం ఎదురుచూసే ముస్లిం జంటకు ఇది ఫార్వర్డ్ కాదు, జీవితం.

చికిత్స వద్దనలేదు

"పిల్లలు అల్లా ఇస్తేనే, డాక్టర్ దగ్గరికి వెళ్లకూడదు" అన్నది ఇస్లాం మాట అని కొందరు అనుకుంటారు. కాదండి. దేవుడు కొందరికి ఆడపిల్లల్ని, కొందరికి మగపిల్లల్ని ఇస్తాడని, కొందరికి సంతానం లేకుండా ఉంచుతాడని ఖురాన్ చెబుతుంది, నిజమే. కానీ ప్రతి రోగానికీ మందు ఉందన్న ప్రవక్త మాట కూడా ఆ సంప్రదాయంలో ఉంది. ముసలితనంలో బిడ్డ కోసం ప్రార్థించిన జకరియ్యా ప్రవక్త కథ కూడా ఉంది.

1978 జూలై 25న ఇంగ్లండ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. అదే ఏడాది అక్టోబర్ 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మన దేశపు తొలి బిడ్డ పుట్టింది. ఆ తర్వాత రెండేళ్లు కూడా గడవకముందే, 1980 మార్చిలో, ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ జాద్ అల్ హక్ ఫత్వా ఇచ్చారు: బీజం భర్తది, అండం భార్యది, ఆ పిండం ఆ భార్య గర్భంలోకే వెళ్తే ఐవీఎఫ్ చేయించుకోవచ్చు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ ఏడు పద్ధతుల్ని పరిశీలించి, అవసరం ఉంటే భార్యాభర్తల మధ్యే జరిగే రెండింటిని ఒప్పుకుంది. మూడో మనిషి వచ్చే మిగతా ఐదింటినీ నిషేధించింది.

మూడో మనిషి ఎందుకు వద్దు?

వాళ్ల మాటలో దీన్ని నసబ్ అంటారు, అంటే వంశం. తన తండ్రి ఎవరో, తల్లి ఎవరో బిడ్డకు స్పష్టంగా తెలియాలి. ఆస్తి హక్కు, ఎవరిని పెళ్లి చేసుకోకూడదు అన్నది, అన్నీ దాని మీదే ఆధారపడతాయి. పైగా కన్నవాళ్లే తల్లులని ఖురాన్‌లో ఒకచోట ఉంది. అందుకే చాలామంది పండితుల లెక్కలో మోసి కన్న స్త్రీని "అద్దె గర్భం" అని పక్కన పెట్టలేం, ఆమే తల్లి. అనాథను పెంచడం వాళ్లకు గొప్ప పుణ్యం, కానీ ఆ బిడ్డ అసలు తండ్రి పేరు చెరిపేయకూడదు.

ఇందులోనూ అందరిదీ ఒకే మాట కాదు. షియాలు ఎక్కువగా ఉన్న ఇరాన్‌లో 1999లో ఖమేనీ దాతల అండం, బీజం వాడకానికి అనుమతి ఇచ్చారు. 2003లో పిండదానానికి చట్టమే వచ్చింది. సరోగసీ కూడా అక్కడ జరుగుతోంది.

రోహిణమ్మ కథలో ఉన్న మెలిక

ఇప్పుడు మన పురాణానికి వద్దాం. దేవకి ఏడో గర్భాన్ని యోగమాయ రోహిణి గర్భంలోకి మార్చింది, బలరాముడు పుట్టాడు. రోహిణి ఎవరు? వసుదేవుడి ఇంకో భార్య. అంటే ఒకే భర్త, ఇద్దరు భార్యలు. ఆశ్చర్యం ఏంటంటే, సరిగ్గా ఇదే పరిస్థితిని, ఒక భార్య అండంతో వచ్చిన పిండాన్ని అదే భర్త రెండో భార్య మోయడాన్ని, 1984లో మక్కాలోని ఫిఖ్ కౌన్సిల్ ఒప్పుకుంది. 1985లో వెనక్కి తీసుకుంది. ఆ రెండో భార్యకు భర్త వల్ల సహజంగానే గర్భం వస్తే, పుట్టిన బిడ్డ ఎవరి బిడ్డో తెలియకుండా పోతుందని.

మన కథ ఆ భయానికి ఎలా జవాబిచ్చింది? దాచకుండా. గర్భం నుంచి లాగబడ్డవాడు కాబట్టి బలరాముడికి సంకర్షణుడని పేరే పెట్టారు. ఆచమనంలో కేశవ నామాలు చెప్పేవాళ్లు రోజూ ఆ పేరు పలుకుతారు. ఆయన పుట్టుక కథ ఆయన పేరులోనే ఉంది. పురాణం మోసిన తల్లినీ గౌరవించింది, బిడ్డకు నిజాన్నీ ఇచ్చింది. కాబట్టి "మనకు అన్నీ ఓకే" అనడానికి ఈ కథ సాక్ష్యం కాదు. నసబ్ అడిగేదీ, సంకర్షణ నామం చెప్పేదీ ఒక్కటే: బిడ్డకు అబద్ధం చెప్పొద్దు.

ఇది మన చుట్టూనే ఉంది

2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసు గుర్తుందా? సరోగసీ బిడ్డ అని ఒక జంట చేతిలో పెట్టిన శిశువు డీఎన్ఏ వాళ్లతో కలవలేదు. పేద తల్లిదండ్రుల దగ్గర కొన్న బిడ్డ అని పోలీసులు చెప్పారు. ఇక్కడ వంశం అన్నది పాత కాలపు చాదస్తం అనగలమా?

మన చట్టమూ ఆ దిశలోనే ఆలోచించింది. 2022 జనవరి 25 నుంచి డబ్బు కోసం చేసే సరోగసీ నిషేధం. మోసే స్త్రీ తన అండం ఇవ్వకూడదు, జీవితంలో ఒక్కసారే మోయాలి. 2023లో బీజం, అండం రెండూ ఆ దంపతులవే ఉండాలన్నారు. వైద్య కారణం ఉన్నవాళ్లకు అన్యాయం అవుతోందని 2024 ఫిబ్రవరిలో ఒకటి దాత నుంచి తీసుకోవచ్చని సడలించారు.

ఆ సడలింపు దగ్గరే నాకు సున్నీ పండితులతో తేడా వస్తుంది. గర్భసంచి లేని స్త్రీకి వాళ్ల నియమం దారి మూసేస్తుంది. ఆ బరువంతా ఆమె ఒక్కతే మోయాలి, రెండో పెళ్లి మాట కూడా ఆమే వినాలి. నిజం దాచకుండా, ఎవరి పేదరికాన్నీ కొనకుండా ఒక అక్క చెల్లెలి బిడ్డను మోస్తే అది అధర్మమని నేను అనుకోను. కానీ ఆ రెండు షరతుల్నీ గట్టిగా పట్టుకోవడం వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాలి. అయినా వేలెత్తి చూపేముందు మన ఇళ్లు చూసుకుందాం. పెళ్లయిన ఏడాదికే "ఏమైనా విశేషమా?" అని కోడల్నే అడుగుతాం, కొడుకుకి టెస్ట్ చేయించమంటే కోపం వస్తుంది.

మన పక్క నెల్లూరులో, మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. స్వర్ణాల చెరువులో నిలబడి, బిడ్డ పుట్టినవాళ్లు సంతానం రొట్టె ఇస్తారు, బిడ్డ కావాలనుకునేవాళ్లు తీసుకుంటారు. ఇచ్చే చెయ్యి ఏ మతానిదో అక్కడ ఎవరూ అడగరు. తిరుమలలో పిల్లల కోసం మొక్కుకునే తల్లి కన్నీళ్లూ అవే.

కాబట్టి ఆ ఫార్వర్డ్ ఈసారి వస్తే ఆపేయండి. దాని బదులు, చికిత్స తీసుకుంటున్న జంట మీకు తెలిసి ఉంటే, సలహా ఇవ్వకుండా పది నిమిషాలు వాళ్ల మాట వినండి.

వకుళమాత చల్లగా చూడాలి. గోవిందా గోవింద!