ముందు చక్రం

సంక్రాంతి మూడు రోజులూ మా ఇంట్లో ఒకటే చర్చ. కోడిపందేల గురించి కాదు, కొత్తల్లుడి అలక గురించీ కాదు. కారు ముందు టైర్ల గురించి!

మా అన్నయ్య కొడుకు చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాడు. పాత కాంటెస్సా కారొకటి కొని దానికి సపర్యలు చేస్తున్నాడు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందేల ట్రాకు ఉంది కదా, అక్కడ డ్రాగ్ రేసుకి దింపుతాడట. ఈ పందెంలో మలుపులుండవు. నిలబడ్డ చోటునుంచి బయల్దేరి తిన్నగా దూసుకుపోవడమే. సాధారణంగా పావు మైలు, అంటే 402 మీటర్లు. మనం కాఫీ గ్లాసు అందుకుని ఊదుకునేలోగా పందెం పూర్తి.

"ముందు 175 వెయ్యాలా, 155 వెయ్యాలా, 145 చాలా?" అని స్నేహితుడితో ఫోన్లో పొద్దస్తమానం వాదన. ఆ అంకెలు టైరు వెడల్పుట, మిల్లీమీటర్లలో.

"ఒరే, చీర అంచు గురించి మేం కూడా ఇంత ఆలోచించంరా" అన్నాను.

"నీకు తెలీదత్తా! బండి ఒక్కసారి ముందుకి దూకేసరికి బరువంతా వెనక్కి వాలుతుంది. తోసేవి వెనక చక్రాలు కాబట్టి అవి వెడల్పుగా ఉండి నేలని కరుచుకోవాలి. ముందువాటికి పనేముంది? ఊరికే దొర్లడమేగా! ఎంత సన్నగా ఉంటే అంత తేలిక."

ఎత్తు లెక్క కూడా ఉందట. బయల్దేరే గీత దగ్గర ఒక కాంతికిరణం ఉంటుంది. ముందు టైరు దాన్ని వదిలాక గాని గడియారం మొదలవదు. టైరు ఎత్తుగా ఉంటే కిరణాన్ని కాస్త ఎక్కువసేపు కప్పి ఉంచుతుంది. ఆ కాస్తలో బండి వేగం అందుకుంటుంది కాబట్టి పరుగు సమయం కలిసొస్తుంది. పొట్టిదైతే కిరణాన్ని చప్పున వదిలేస్తుంది కాబట్టి, దీపం వెలగ్గానే కదిలినట్టు లెక్కకొస్తుంది. సెకనులో నూరో వంతుల కోసం ఇంత తంటా!

నా మనసు మాత్రం "ఊరికే దొర్లడమేగా" అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

మర్నాడు తోటలోకి వెళ్ళాను. కడియపులంకలో మాకూ ఒక చిన్న నర్సరీ ఉంది. మట్టి దింపడానికొచ్చిన ట్రాక్టరు నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి దాని టైర్ల మీద అంకెలు చదివాను. ముందుది 6.00-16, వెనకది 13.6-28. వెనకది నా భుజందాకా వచ్చింది. ముందుది నడుందాకా కూడా రాలేదు.

"ఏమయ్యా, ఈ ముందు చక్రం ఏం పని చేస్తుంది?" అని డ్రైవరునడిగాను.

"లాగేది ఎనకదేనండమ్మగారూ. కానండి, లోడెక్కువై ముందుది గాల్లోకి లేచిందంటే స్టీరింగు తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటేనండి. ఎనక్కి తిరగబడిపోద్దండి. అందుకేగదండీ ముందు ఇనపబిళ్ళలు తగిలిత్తాం!"

చూశారా! పందెం కారు ముందు బరువు తీసేసుకుంటుంది. మట్టి మోసే ట్రాక్టరు కావాలని తగిలించుకుంటుంది.

ఇంటికొచ్చి ఇది చెబితే మావాడు తగ్గలేదు గాని, ఒక కథ మాత్రం చెప్పాడు. అమెరికాలో షర్లీ మల్డౌనీ అనే ఆవిడ, మగవాళ్ళ రాజ్యమైన ఈ ఆటలో గులాబీరంగు బండితో దిగి 1977, 1980, 1982లలో అగ్రశ్రేణి ఛాంపియనయింది. 1984లో కెనడాలో మాంట్రియల్ దగ్గర, గంటకి సుమారు 400 కిలోమీటర్ల వేగంలో ఉండగా ఆమెకి ప్రమాదం జరిగింది. దెబ్బతీసింది ఇంజను కాదు, అంత బలాన్నీ మోసే వెనక టైర్లూ కాదు. సైకిలు చక్రంలా సన్నగా ఉండే ముందు టైరు! దాన్లోని ట్యూబు పాడై చక్రం బిగుసుకుపోయింది. కాళ్ళు నుజ్జయిపోయాయి. ఎన్నో ఆపరేషన్ల తర్వాత 1986లో మళ్ళీ పందెంలో దిగింది, మహాతల్లి.

ఇక నా బండి సంగతి చెబుతాను.

ఒక దశలో నేను రెండు సీరియల్సు ఒకేసారి రాసేదాన్ని. మంచి వేగంలో ఉన్నాను. ఆ వేగానికి అడ్డమనిపించినవన్నీ ఒక్కొక్కటే తగ్గించేశాను. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను. ఫోన్లు రెండు మాటల్లో ముగించేదాన్ని. మండపేటలో మా పెద్దాడపడుచు ఉంది. ఇక్కణ్ణించి గంట ప్రయాణం కూడా కాదు. ఆవిడ గృహప్రవేశానికి సైతం "వాయిదా పంపాలి వదినా" అని తప్పించుకున్నాను. ఆవిడవల్ల నా బండి ముందుకి కదిలేదేమీ లేదు కదా!

ఒకనాటి రాత్రి మావారికి గుండెనొప్పి వచ్చింది. పరుగు ఠక్కున ఆగింది.

మావాడు చెప్పడం మరిచిపోయిన సంగతి ఒకటుంది. బయల్దేరేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, నిజమే. బ్రేకు వేసినప్పుడు ఆ బరువే ముందుకొచ్చి పడుతుంది, ఏ చక్రాలకైతే పనేముందన్నామో సరిగ్గా వాటిమీద!

పదకొండు రాత్రులు ఆస్పత్రి వరండాలో చాప పరుచుకుని పడుకుంది మా వదిన. నాకు సిగ్గేసి, "మీ గృహప్రవేశానికి కూడా నేను రాలేదు" అన్నాను.

"నువ్వు రాసుకుంటున్నావుగా. ప్రతివారం చదువుతూనే ఉన్నానమ్మాయ్" అంది.

ఊరికే దొర్లుతోందనుకున్న మనిషి, నేనెటు వెళ్తున్నానో చూస్తూ నాతోనే వస్తోందన్నమాట!

అలాగని ఉన్న బంధుత్వాలన్నీ నెత్తినేసుకోమని చెప్పను. మా అత్తగారి తరం ఆడవాళ్ళ బండికి అన్నీ ఇనపబిళ్ళలే. పాపం, అది అంగుళం కదల్లేదు. ఒక పుస్తకం చదవాలన్నా, ఒక ఉద్యోగం చెయ్యాలన్నా కొంత బరువు దించుకోక తప్పదు. దించుకోవడం తప్పు కాదు. కాని దించే ముందు మనమడిగే ప్రశ్నే తప్పు. "ఇది నన్ను ముందుకి తోస్తుందా?" అని మాత్రమే అడుగుతాం. పిల్లాడి ర్యాంకు కోసం వాణ్ణి తాతమ్మకి దూరం చేసేటప్పుడూ అదే ప్రశ్న. ఇంకా సిగ్గుపడవలసిన మాట ఒకటుంది. ఆపదలో పనికొచ్చింది కాబట్టి వదిన మంచిదని ఇప్పుడనుకుంటే, అదీ నా లెక్కలోదే. ఆవిడ మాత్రం ఏ లెక్కా వేసుకుని రాలేదు.

"ఇంతకీ ఏం తేల్చావురా?" అనడిగాను కనుమ నాటి రాత్రి.

"పందేనికి 145, అత్తా. రోడ్డు మీద తిరగడానికి మామూలువి. రెండు జతలు పెట్టుకుంటా."

తెలివైనవాడే! మనకి ఆ సదుపాయం లేదు. పందెంలో పరిగెత్తిన చక్రాలతోనే వానలో, గతుకుల్లో, చీకట్లో ఇల్లు చేరుకోవాలి.

కనుమ నాడు ప్రయాణం కూడదంటారు కాబట్టి, మర్నాడు పొద్దున్నే మేనల్లుణ్ణి మండపేట తీసుకెళ్ళమన్నాను. పొట్లం కట్టిన అరిసెలు ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. కాలవగట్టు మలుపు దగ్గర వాడు బండి నెమ్మది చేశాడు. మామూలు టైర్లు. నిమ్మళంగా తిరిగాయి.