సమాధులపై గడ్డి

మృతులకు జీవించియున్నవారు చేయదగిన సేవ యేది? సమాధిని శుభ్రముగా నుంచుటయా, సమాధి యున్న నేలను బ్రతికించుటయా? ఈ రెండును ఒకటేయని సామాన్యముగా అందరును తలంతురు. ఆ రెండును వేరుపడిన చోట్లు కొన్ని కలవు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, కొలంబస్ నగరమునకు పడమట మాడిసన్ కౌంటీ యున్నది. కౌంటీ యనగా జిల్లావంటి విభాగము. అక్కడ డార్బీ మైదానములను పేర ఒకప్పుడు విశాలమైన గడ్డినేలలు వ్యాపించియుండెను. అట్టి నేలను ఆ దేశమున ప్రెయిరీ యందురు. గడ్డి మనిషి యెత్తును మించి పెరుగును. వేళ్లు అంతకంటెను లోతునకు దిగును. 1795 నాటి గ్రీన్‌విల్ ఒడంబడికతో ఆ ప్రాంతము షానీ మున్నగు ఆదివాసి జాతుల చేజారినది. పిమ్మట తూర్పునుండి వచ్చిన కుటుంబములు అక్కడ స్థిరపడి, చిత్తడినేలల నీటిని తీసివేసి, గడ్డిని దున్ని పైరు వేసిరి. 1837లో జాన్ డీర్ ఇల్లినాయ్‌లో ఉక్కు నాగలి చేసిన తరువాత అట్టి నేలలలో నాగటికి ఎదురు లేకపోయెను.

పొలము దున్నిన ఆ చేతులే పొలము మూలలందు బిడ్డలను, తల్లులను పాతిపెట్టినవి. ఆ మూలలను నాగలి తాకలేదు. బిగెలో శ్మశానము అర ఎకరము. స్మిత్ శ్మశానము అంతకు కొంచెమే యెక్కువ. చుట్టును కనుచూపుమేర మొక్కజొన్న, సోయా చేలు. నడుమ ఈ రెండు తునకలు. పూర్వపు గడ్డియు, పూలమొక్కలును వీటిలో మిగిలియున్నవి. ఈ రెండింటిని రాష్ట్రప్రభుత్వము రక్షిత స్థలములుగా ప్రకటించినది.

ఈ పుణ్యము ఎవరిది? గడ్డిని కాపాడవలెనని ఆ కుటుంబములవారు తలంచినవారు కారు. వారి నాగలి దానిని చంపినది. వారి దుఃఖము దానిని దాచినది. “నేను చేసితిని” అను భావము లేనిదే దాసోహము గనుక ఇదియు అట్టిదేయని కొందరు వాదింపవచ్చును. అది సరికాదు. అహంకారము లేకుండుట వేరు, ఎఱుక లేకుండుట వేరు. శరణుడు ఎఱిగి యిచ్చి తన్ను మఱచును. వీరు ఎఱుగనే లేదు. అయినను వారిని తేలికగా చూడరాదు. ప్రతి అడుగును పంటకు కావలసిన కాలమున, అర ఎకరమును ఫలమడుగక విడిచినవారు వారు.

చిక్కు నేటివారిది. వీరికి ఎఱుక కలిగినది. అయోవా రాష్ట్రపు సీడర్ కౌంటీలో రోచెస్టర్ శ్మశానము కలదు. సుమారు 13 ఎకరములు. అక్కడ తమవారిని పాతిపెట్టిన కొందరు గడ్డి కోసి రాళ్లు కనబడునట్లు ఉంచుడందురు. కోసినచో ఆ పూలు మఱెక్కడ నుండునని మఱికొందరందురు.

బసవేశ్వరుడు బోధించిన స్థావర జంగమ వివేకమును ఇక్కడ అన్వయించినచో రాయి స్థావరము. సున్నపురాయి, పాలరాయి వానకు అరిగి పేరు చెరిగిపోవును. గడ్డి యేటేట చచ్చి యేటేట లేచును. ఇంతమాత్రమున రాతిని త్రోసిపుచ్చుట తొందరపాటు. తల్లి పేరు చదువుటకు దూరమునుండి వచ్చిన కుమార్తె స్మరణ జంగమము కాదా? గడ్డి కోయువానిది అపరాధము కాదు, ప్రేమయే. ఆ ప్రేమకు చూపు చాలలేదంతే. బంధువులు వచ్చు సమాధులకు దారి తీసి, తక్కినచోట గడ్డిని నిలువనిచ్చుట న్యాయముగా కనబడుచున్నది.

వీరశైవులు తమవారిని కూర్చుండబెట్టి, ఎడమచేతిలో ఇష్టలింగముంచి భూమికి అప్పగింతురు. లింగైక్యమైనవానికి శ్రాద్ధముతో పనిలేదు. కావున సమాధి వద్ద చేయు సేవ మృతుని కొఱతను తీర్చునది కాదు, జీవించువాని నడతను దిద్దునది. ఆ నేలపై ఏమి బ్రతుకుచున్నదో చూడని సేవ సగము సేవయే.

ఊరక విడుచుటయే రక్షణ యనుకొనుటయు పొరపాటే. విడిచినచో పొదలు, చెట్లు క్రమ్మి గడ్డిని చంపును. అందువలన అట్టి శ్మశానములలో ఎండుగడ్డికి జాగ్రత్తగా నిప్పు పెట్టుదురు; రాళ్లకు సెగ తగులకుండ ముందుగా చుట్టును గడ్డి తీయుదురు. గడ్డినేలలను కాల్చి నిలుపుకొను విద్య ఆదివాసులు పూర్వమే యెఱిగినది; ఆ రాళ్లపై వారి పేర్లు లేవు. మృతదేహమును అగ్నికి అప్పగింపని వీరశైవునికి సమాధులపై మంట యను మాట ములుకువలె గ్రుచ్చుకొనవచ్చును. కాని ఆ మంట లోపలి దేహమును తాకదు, వేళ్లను తాకదు. కొన్ని వారములకు, అక్షరములు చెరిగిన రాళ్ల ప్రక్కనే, నల్లని బూడిదనుండి పచ్చని మొలకలు లేచును.