విమర్శను వినువాని ధర్మము



మన మతమును ఎవరైనను విమర్శించినపుడు మనలో ముందుగా మేల్కొనునది భక్తియా, అహంకారమా? గ్రీకు, రోము దేశముల స్టోయిక తత్త్వవేత్తలు ఈ విషయమును లోతుగా విచారించిరి.

క్రీస్తుకు పూర్వము 300 ప్రాంతమున జీనో అను సైప్రస్ ద్వీపవాసి ఏథెన్సు నగరమున ఒక చిత్రమండపమందు బోధింప మొదలిడెను. 'స్టోవా' అనగా మండపము; ఆ సంప్రదాయమునకు పేరు అట్లు వచ్చినది. వివేకము, న్యాయము, ధైర్యము, నిగ్రహము అను సద్గుణమే నిజమైన మేలనియు, ధనము గాని కీర్తి గాని మేలు కానేరవనియు వారి సిద్ధాంతము. వారిలో ఎపిక్టీటస్ బానిసగా నుండినవాడు, కుంటివాడు. డొమీషియన్ చక్రవర్తి తత్త్వవేత్తలను రోమునుండి వెడలగొట్టగా నికోపొలిస్ చేరి పాఠశాల నడపెను. పరుల మాట మన వశమున లేదు. దానిని గూర్చి మనము చేసికొను నిర్ణయమే మన వశమున నున్నదని శిష్యులకు బోధించెను.

161 నుండి 180 వరకు రోము నేలిన మార్కస్ ఆరీలియస్, తన తప్పును చూపినవాని మాట సంతోషముతో గ్రహింతునని తనకొరకు వ్రాసికొనెను. అతని యేలుబడిలోనే 177 ప్రాంతమున లియోన్ నగరమున క్రైస్తవులు విశ్వాసము కొరకు వధింపబడిరి. వ్రాయుట సులభము!

తనపై కోపించువారిపై తానేల కోపింపవలెనని బసవేశ్వరుడును ఒక వచనమున విచారించెను. కోపాగ్ని ముందుగా దహించునది తన యింటినే యని ఆయన భావము.

"శివనింద వినరాదని పెద్దలు చెప్పలేదా?" అని కొందరందురు. చెప్పిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున అట్టి తీవ్రభక్తుల కథలు కలవు. వానిని దాచుట తగదు. కాని నింద వేరు, ప్రశ్న వేరు. మెడలో లింగమేల యని పొరుగువాడడిగిన, శివనింద యని కేకలు వేయుట మన అజ్ఞానమును కప్పుకొనుటయే. 12వ శతాబ్దమున కల్యాణమందలి శరణులు యజ్ఞములను, కులభేదమును ప్రశ్నించిరి. అట్టివారి సంతతి ప్రశ్నకు జంకవచ్చునా?

వారు తమవారిని సైతము విడువలేదు. అనుభవమంటపమునకు వచ్చిన అక్కమహాదేవిని అల్లమప్రభువు నిండుసభలో నిలదీసిన వృత్తాంతము శూన్యసంపాదనెలో కలదు. భర్త యెవరని అడిగెను. వస్త్రమును విడిచినదానవు కేశములతో మేను కప్పుకొనుట యేల యనెను. ఆమె అలుగలేదు, సభ విడిచి పోలేదు. ఒక్కొక్క ప్రశ్నకు నిలిచి బదులు చెప్పెను. ఆ పిమ్మటనే శరణులామెను తమలో ఒకతెగా గౌరవించిరి.